నాడె పీల్చే నోరు

వేంపల్లెలో ఒక మగ్గం కొట్టం. గుంతలో కాళ్లు పెట్టుకొని, పడుగు పోగుల నడుమ నాడె అటూ ఇటూ తోసి నేసేది కంబన్న, పక్కన రాట్నం ముందర కూచోని ఆ నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేది వాని పెండ్లాం జీవమ్మ. ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండి అని అడిగితే ఆ వీధిలో ఎవరూ చెప్పలేరు.

“మళ్లీ నాకేంటికిస్తాండావు నాడె? నువ్వే పీల్చుకో.”

“చేతిలో పనుండాది గదే. కన్నంలోంచి పోగు ఇట్ల పీల్చి అట్ల ఇచ్చేదానికి ఇంత రాద్ధాంతమా?”

“పెండ్లయిన కాన్నించి కండె మార్చినప్పుడల్లా నీ నాడె నువ్వే పీల్చుకొంటివి. ఉగాది పోయినాకనే నా నోరు కావాల్సొచ్చెనా? ఏమయ్యా, ఇట్ల తిరుగు. ఆ ఎడమ దవడేంది, వాచినట్టుండాది?”

“పొగాకు పెట్టుకోనుండా. ఉబ్బదా మరి?”

“పొగాకు కుడిపక్కనుండాది. నేను జూస్తానే ఉండా.”

“నీకు పనిలేక నా దవడలు చూస్తా కూచున్నావు.”

“రాత్రి సంగటి గూడా నమల్లా నువ్వు.”

“సంగటి నమిలేదెవరే? మింగేదే!”

“మరి ఏంచిన శెనక్కాయలో? అవంటే ప్రాణమిడిసేటోనివి, ముట్టనన్నా ముట్టలా.”

“పన్ను కదుల్తాండాది. అంతే. పొగాకు పెడితే పోటు తగ్గుతాది, పురుగు సస్తాది. మా నాయన సచ్చేదాకా నమిలినాడు.”

“సచ్చేనాటికి ఒక్క పన్నుండెనా మీ నాయన నోట్లో?”

“ముసలోళ్లకు పండ్లుంటాయా యాడన్నా?”

“నలభైకే పోయినోడు ముసలోడా? నోరు తెరువు.”

“తెరవను.”

“తెరువు.”

“నా నోరు, నా ఇష్టం! అడిగేదానికి నువ్వెవరు?”

“నీకు గెంజి కాచి పోసేదాన్ని! మన వీధి సుంకప్ప బండి రేపు కడపకు పోతాండాది. ఎక్కి పెద్దాసుపత్రిలో చూపిచ్చుకో.”

“కత్తి పట్టుకోనుండేటోళ్ల కాడికి నేను పోను. నువ్వు ఆకులో చుట్టుకొని నమిలేదేందో, బెల్లమా?”

“నాది ఆకువక్క. దాంట్లో ఒక చిటికెడు పొగాకు. నీదీ నాదీ ఒకటేనా?”

“చిటికెడంట చిటికెడు! సంతలో కట్టలు కట్టలు తెచ్చేదెవరికే?”

“ఈ పొద్దు శనివారం, ఒక్కపొద్దుండా. తెల్లారిన కాన్నించి మంచినీళ్లు తప్ప నోట్లో ఏమీ ఏసుకోలా. నన్నంటే కండ్లు పోతాయి.”

“అబ్బో, పుణ్యాత్మురాలు!”

“మాట మార్చొద్దు. పందెం కాస్తావా? నా ఎదురుగా ఆ నాడె పీల్చు. పోగు బయటికొచ్చిందా, ఈ జన్మలో నీ పొగాకు ఊసెత్తను. రాలేదా, రేపు బండెక్కాల.”

“ఓస్, ఇంతేనా? తే ఇట్ల.”

“పీల్చు.”

“పీలుస్తాండా గదా.”

“ఏం, రాలా?”

“పోగు లావుండాది. ఈ నూలే మంచిది గాదు.”

“ఇంగోసారి.”

“అబ్బా! అమ్మా...”

“ఏమయ్యా! ఏమాయె? నోరు తెరువు. అయ్యో, నోట్లో రెండు వేళ్లు గూడా పట్టేట్టు లేదే! లోపల పుండు... తెల్లగా, ఇంత పుండు! నాకు చెప్పవా?”

“చెప్తే ఏంజేస్తావు? నిన్నటిదాకా దాని మిందనే పెట్టినా పొగాకు, ఈ పొద్దే ఓర్చుకోలేక కుడిపక్కకు మార్చినా. తిమ్మిరెక్కితే నొప్పి తెలీదని.”

“పుండు మిందనా! పుండుకు ఎరువు తోలితివి గదయ్యా!”

“భయమయింది జీవమ్మా. దవడ కోస్తారంట. కోసినాక నాడె ఎవరు పీల్చాల? మగ్గం నిలబడిపోతే మనం తినేదేంది?”

“నేను సచ్చినానా? నీ నాడెలన్నీ నేను పీలుస్తా. నువ్వు కాలూ చెయ్యీ ఆడిచ్చు, చాలు. ఆ నెత్తుటి నాడె అవతల పెట్టు. ఆ కొత్తదియ్యి. నూలు మంచిదో కాదో ఇప్పుడు జూపిస్తా... ఇదో! ఒక్క పీల్పుకే వచ్చె. పట్టుకో.”

“జీవమ్మా.”

“ఏంది ఇంగ? పందెం ఓడినావు. మారు మాట్లాడకుండా బండెక్కు.”

“ఈ పోగు ఎర్రగుండాది.”

“నీ నెత్తురే అంటుకోనుంటాది.”

“ఇది నేను నోట పెట్టలా. కొత్త నాడె.”

“వక్క రంగులే.”

“ఒక్కపొద్దంటివి గదే.”

“పని చూసుకో పో.”

“నోరు తెరువు జీవమ్మా.”

“తెరవను.”

“తెరువు.”

“సుంకప్పతో చెప్పు. బండిలో ఇద్దరికి చోటుంచమని.”