బుల్లమ్మకిచ్చిన రెండు నిమిషాలు

ఏటి మహతీ, ఈ ఫొటోలో నా పక్కన నిలబడ్డావిడెవరనా? బుల్లమ్మే. సవర బుల్లమ్మ, సీతంపేట కొండల మనిసి. పోయి ఏళ్ళు గడిసిపోనాయి. ఆ కుర్సీ ఊగుతాది, ఇటు కూకో. నానక్కడ బళ్ళో ఇరవయ్యేళ్ళు ఇంగిలీసు సెప్పినానా, నాకు సవర బాస నేర్పింది ఆవిడే. ‘పంతులూ, పిల్లల్ని తిట్టాలన్నా మా మాట రావాల గదా’ అనీది. రెండువేల పదిహేనులో వాతావరణం గురించి దేశాలన్నీ పారిస్‌లో కూడినాయి. కొండజాతులోళ్ళని కూడా రమ్మన్నారు. కొండోళ్ళ సంఘంలో పన్జేసే అనూరాధ మనింటికొచ్చి, ‘బుల్లమ్మ మాట్లాడాలి, ఇంగ్లీషులో మీరు చెప్పాలి మాస్టారూ’ అన్నాది. ఎందుకంటే, బుల్లమ్మ ఊరి కొండమీద సోళ్ళు, కందులు పండే పోడు సేలు పీకించీసి అడివి ఆఫీసరోళ్ళు టేకు ఏయించినారు. గాలి బాగుపడతాదట. ఊరోళ్ళని ఒక్క మాట అడగలేదు.

పారిస్ ఎల్లినాం. అక్కడ సలి ఎముకలు కొరికీసింది. మీ మామ్మ ఇచ్చిన సాలువా కప్పుకుంది గానీ బూట్లు మాత్రం ఒద్దనీసింది. ఎక్కడున్నాను? ఆఁ, ఆవిడ వంతొచ్చింది. రెండు నిమిసాలు, అంతే. నిదానంగా సవరలో మొదలెట్టి కొంత సెప్పి ఆగింది. నాను నోరు తెరిసినాను. ఇంగిలీసు ఒక్క ముక్క రాలేదమ్మా. సభ నడిపీ ఆయన గడియారం సూత్తన్నాడు. ఇంకొకరైతే ఇసుక్కుందురు. ఆవిడ నా సెయ్యి పట్టుకుని, సెప్పాలనుకున్నదంతా వదిలీసి, బళ్ళో పిల్లలకి సెప్పినట్టు మూడే మాటలు సెప్పింది. ‘కొండ మాది. దాన్ని కాసింది మేం. ముందు మమ్మల్నడగండి.’ అవొచ్చీసినాయి నాకు. సెప్పీసినాను. తరవాత మంచుదేశం ఆవిడొకర్తి వచ్చి బుల్లమ్మని కావలించుకుని ఏడ్సింది. ఇద్దరూ సానాసేపు ఏదో మాట్టాడుకున్నారు. ఒకరి బాస ఒకరికి రాదు, నన్ను పిలవనే లేదు.

ఆఖర్న దేశాలన్నీ ఒప్పుకున్న పెద్ద కాయితంలో కొండజాతుల హక్కులని ఒక ముక్క ఏసినారు. అంత గట్టి మాట కాదంది అనూరాధ. ‘నిన్నటిదాకా అదీ లేదు గదా’ అన్నాది బుల్లమ్మ. ఊరొచ్చి ఆ కాయితం పట్టుకుని రెండేళ్ళు తిరిగి గ్రామసభ పెట్టించింది. కొండలో సగం వదిలినారు, సోళ్ళు మళ్ళీ ఏసినారు. మిగతా సగం ఇప్పటికీ టేకే.

ఇమానం దిగి ఊరికొచ్చీటప్పుడు రైల్లో ‘నీ మాటలన్నీ పాడుసేసినాను బుల్లమ్మా’ అన్నాను. ‘లేదు పంతులూ, అన్ని మాటలైతే ఆళ్ళకి గుర్తుండవు’ అన్నాది. ఊళ్ళో ఎవరడిగినా ‘మా పంతులు బాగా సెప్పినాడు’ అనే అన్నాది, పోయిందాకా. ఆ మాట మీదే నాను ఇంతకాలం తలెత్తుకు తిరిగినాను. ఈ సంగతి మీ మామ్మకి కూడా సెప్పలేదు. ఆ మనిసికి నాను... వానొచ్చీలాగున్నాది, డాబా మీద బట్టలు తీసీ అమ్మా.