నూట ముప్పైయా, నూట ముప్పైఐదా

మళ్ళీ నూట ముప్పైయా? ఒరే లీవెన్, నిన్న ఇదే గుమ్మంలో నిలబడి నూట ముప్పైఐదు అన్న నోరు ఇదేనా, రాత్రికి రాత్రి మార్చుకొచ్చావా?

అయిదు మిల్లీమీటర్లురా! నీ సైకిలు వెనక చక్రం నడిమి హబ్బు కూర్చునే సందు, అంతే. ఫ్రేము ముందు భాగమంతా అతికించేసి ఎన్నాళ్ళో అయింది. వెనక గొట్టాలు ఇదిగో, నీ మాట కోసం బల్ల మీద పడున్నాయి. ఆ సందు ఎంతో తేలితే గానీ వీటిని అతికించడానికి లేదు. అతికించాక వంచడాలు, సాగదీయడాలు ఈ షెడ్డులో జరగవు. నీకు తెలీదా? నాన్న మనిద్దరికీ ఇక్కడేగా నేర్పాడు.

వద్దు, నువ్వు చెప్పకు. విని విని నాకు నోటికొచ్చేసింది. నూట ముప్పై అయితే నాన్న కట్టిన చక్రాలన్నీ పడతాయి, అవిగో, కొక్కేలకి వేలాడుతున్నాయి. బురద పందెంలో టైరు పోతే క్లబ్బులో ఎవడి చక్రమైనా అడిగి తగిలించుకోవచ్చు. నూట ముప్పైఐదు అయితే పందేల్లో కొత్తగా ఒప్పుకున్న డిస్కు బ్రేకులు పెట్టుకోవచ్చు, ఎంత బురదలోనైనా పట్టేస్తాయి. కానీ చక్రాలు మళ్ళీ కొనాలి, అక్కడ అడిగినా ఎవడి దగ్గరా దొరకవు. అంతేనా? ఇంకేమైనా మిగిలిందా?

ఆఁ, మిగిలింది. మొన్నటి ముచ్చట! అటూ ఇటూ కాకుండా మధ్యలో పెట్టమన్నావు చూడు. ఉక్కే కదా అక్కా, కొంచెం లాగితే అదీ పడుతుంది, కొంచెం నొక్కితే ఇదీ పడుతుంది అని. పడుతుంది, ఎందుకు పడదూ! డిసెంబరు వానలో, వేళ్ళు కొయ్యబారిపోయి, వెనకున్నవాళ్ళంతా నిన్ను దాటిపోతుంటే, అప్పుడు లాక్కో నాయనా తీరిగ్గా.

నవ్వకు. నవ్వితే ఇంకా మండుతుంది నాకు.

నా సంగతి నీకు తెలుసు. రంగు రెండోసారి మార్చమన్నందుకు ఆ పోస్టుమాస్టరుని ఇంకెక్కడైనా చేయించుకోమని గేటు దాకా సాగనంపాను. ఊరంతా నన్ను గయ్యాళి అంటుంది. అననీ. అలాంటిదాన్ని, నువ్వు వచ్చినప్పుడల్లా మాట మారుస్తుంటే, ఈ బల్ల మీద కొలత కోసం బిగించిన ఉత్తుత్తి ఇరుసు విప్పి, కొలత మార్చి, మళ్ళీ బిగించి, పైగా నీకు కాఫీ కూడా పెట్టి... ఎందుకనుకున్నావు? తమ్ముడివనా? తమ్ముడివనే అయితే ఇంకో నాలుగు తిట్లు ఎక్కువే పడేవి.

కూర్చో. ఎక్కడికి లేస్తున్నావు? ఆ బిస్కెట్టు తిను.

పొద్దున అమ్మ వచ్చింది. రబ్బరు బూట్లు తళతళలాడేట్టు కడిగి తెచ్చుకుంది. ఆదివారం మన ఊరి పందెం కదా, నువ్వు బురద పట్టిన సైకిలు మార్చుకునే చోట, దాన్ని కడగడానికి బకెట్టు పట్టుకుని నిలబడాలట. "వాడి ఫ్రేము ఎప్పటికవుతుందే రైన్‌హిల్డా? నీకు చేతకాకపోతే చెప్పు, బయట కొనుక్కుంటాడు" అంది. నాకు చేతకాక! అయినా నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకునేసరికి ఆవిడే కంగారుపడింది, ఒంట్లో బాగాలేదా అని.

ఏం చెప్పనురా ఆవిడకి? నువ్వు చెప్పలేదుగా.

ఏంటలా చూస్తావు? తెలుసురా నాకు. ఆల్బరిక్ చెప్పాడు. క్లబ్బు సెక్రటరీ కదా, నీ పందెం లైసెన్సుకి డాక్టరు సంతకం పెట్టలేదని తెలియకుండా ఉంటుందా? గుండె లయ తప్పుతోందని, పందెం ఊపులో అక్కడికక్కడే ఆగిపోవచ్చని నువ్వే అతనికి చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావట. రెండు బీర్లు పడితే ఆ మనిషి దగ్గర ఒట్టు నిలుస్తుందా? చెప్పేసి ఇక్కడే, నువ్వు కూర్చున్న ఆ పెట్టె మీదే, భోరుమన్నాడు.

ఎప్పుడా? ఎండాకాలంలోనే.

నువ్వు మొదటిసారి కొలత మార్చినప్పుడు నిజంగానే కోపమొచ్చింది. ఆల్బరిక్ వచ్చి వెళ్ళాక అర్థమైంది. ఫ్రేము కానన్నాళ్ళూ "ఏరా, ఎప్పుడు దిగుతున్నావు?" అని ఎవరడిగినా "అక్క ఇంకా చెయ్యలేదు" అనొచ్చు. అంతేగా? అనుకో. నాదే ఆలస్యమనుకో. కానీ ఆదివారం ఎలాగురా? మన పెరటి వెనక పొలంలోంచే పోతారంతా. కిటికీలు మూసుకుని కూర్చున్నా, ఆఖరి చుట్టుకి కొట్టే గంట వినపడి తీరుతుంది.

అందుకే ఇవాళ తేల్చేద్దామనుకున్నాను. ఇదిగో, మంట వెలిగించాను. నూట ముప్పై పెట్టి అతికించేస్తాను. నాన్న చక్రాలు తగిలిద్దాం. మెల్లగా తొక్కొచ్చన్నాడట కదా డాక్టరు? ఆదివారం పొద్దున్నే బేకరీకెళ్ళి అమ్మకి పిస్తోలే బన్నులు తెచ్చిపెట్టు. బన్నుల సంచీకి ఏ సందైతే ఏంటి...

అయ్యో. ఒరే. ఒరే లీవెన్, ఇటు చూడు. అనకుండా ఉండాల్సింది. పాడు నోరు నాది. నీ కాళ్ళకి కొలిచి, నీ నడుముకి కొలిచి గీసిన ఫ్రేము ఇది. నా చేత్తో నేను చేసినవాటిల్లో ఇంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. బన్నులకి అమ్మ సైకిలుందిలే.

ఏంటీ? గట్టిగా చెప్పు, ఈ మంట చప్పుడులో వినపడలేదు.

నూట ముప్పైఐదా?

బ్రేకులు బాగుంటాయనా? ఊఁ. నిజమే. చెరువు పక్క దిగుడు దగ్గర పనికొస్తాయి.

సరే. ఇదిగో, మంట ఆర్పేశాను. ఇరుసు మారుస్తాను, ఉండు. అమ్మకి నేనే చెప్తాలే, ఆదివారానికి అందదని, నాకు చేతకాలేదని. తిడుతుంది, పడతాను. నువ్వు రేపొచ్చి మళ్ళీ నూట ముప్పై అను. నేను తిడతాను.

కాఫీ తాగు ముందు, చల్లారిపోతోంది.