చీటీ మీద తబిత

కాదండి రమేష్ బాబుగారూ, నా మొహం చూసి ఎవరూ కొనటం లేదని చెప్పటానికి నర్సాపురం నుంచి ఇంత దూరం బండేసుకుని రావాలా? ఫోన్లో చెప్పినా అర్థమయ్యేది. అద్దం మా ఇంట్లోనూ ఉంది.

కూర్చోండి. ఆ కుర్చీ కాదండి, దాని కాలు ఊగుద్ది. ఇటు కూర్చోండి. మా ఆయన మిమ్మల్ని చూసి చేలోకి వెళ్లిపోయారు, ఏమీ అనుకోకండి. మీ మీద కోపం కాదు. మీ సంచిలో ఆ చీటీలుంటాయని.

నాకూ కోపం లేదండి. మీ కంపెనీ మాకు బయటి ఏజెంట్ల కంటే నాలుగు డబ్బులు ఎక్కువే ఇస్తది, ఏ నోటితో కాదంటాను? ఆ సంగతి కొనేవాళ్లకి తెలియాలనే కదా, లేసుకి చీటీ కట్టి దాని మీద అల్లినవాళ్ల ఫొటో వేద్దామన్నారు. మంచిదే. కానీ ఫొటో తియ్యటానికి వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా?

క్రిస్మస్ ముందు. మమ్మల్నందర్నీ చర్చి అరుగు మీద వరసగా కూర్చోబెట్టారు. నవ్వండమ్మా, నవ్వండి అని ఆ కెమెరా అబ్బాయి ఒకటే గోల. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తల వంచుకుని దారం చూసుకునే మొహాలండి మావి. నవ్వమంటే ఎక్కడి నుంచి వస్తది? నేను నవ్వితే పంటినొప్పి వచ్చినట్టుంది. అది చూసి మా అమ్మాయి తబిత పగలబడి నవ్వింది. నర్సింగ్ హాస్టల్ నుంచి సెలవులకి వచ్చిన పిల్ల, ఊరికే చూద్దామని నిలబడింది. మీవాళ్లు మమ్మల్నొదిలేసి దాన్ని పట్టుకున్నారు.

దానికి లేసు రాదని నేను చెప్పానా లేదా? జన్మలో ఒక్క పువ్వు అల్లలేదు. నేనే నేర్పలేదండి. నా కళ్లు పోయినట్టు దాని కళ్లు పోకూడదని. ఊరికే పట్టుకుంటే చాలమ్మా అన్నారు. నేను అల్లింది తీసి దాని ఒళ్లో పెట్టారు. ఇదిగో, సూది చూడండి, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంది. లేసు అల్లే మనిషైతే ఒక్క చూపులో కనిపెట్టేస్తది. కొనేవాళ్లు ఒక్కరూ కనిపెట్టలేదు.

కింద రాసింది మా తోడికోడలు కృపారాణి చదివి చెప్పింది, నాకు కంఠతా వచ్చేసింది. ‘ఈమె పేరు తబిత. లేసు అల్లుతూ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుకుంటోంది. మీరు కొనే ప్రతి లేసూ ఈమె చదువుకి సాయం.’ ఆ ఆఖరి ముక్క నిజమే లెండి. దాని ఫీజు లేసు డబ్బులే.

తరవాత వానాకాలంలో జ్వరంతో ఇంటికొచ్చింది. డెంగీ అన్నారు. మీకు చెప్పేదేముంది, మీరూ వచ్చారుగా సమాధి దగ్గరికి. బైబిల్లో బీదవాళ్లకి అంగీలు కుట్టిపెట్టిన మంచి ఆవిడ పేరని మా పాస్టరుగారు ఏరికోరి పెట్టిన పేరండి అది. ఆవిడ చనిపోతే ప్రార్థన చేసి లేపారంట. మేమూ చేశాం.

లేని పిల్ల పేరు చెప్పి అమ్మటం తప్పని మీరే చీటీ మార్పించారు. ఆ మంచితనం నేను మర్చిపోను. నా ఫొటో, నా పేరు. ‘దీనమ్మ, చిన్నప్పటి నుంచీ లేసు అల్లుతోంది.’ ఈసారి చీటీ మీద అంతా నిజమే. ఏం లాభం?

మొన్న రాజమండ్రి ఎగ్జిబిషన్‌లో చూశారుగా. ఒక పక్క పాత చీటీలతో మిగిలిపోయిన సరుకు, ఇంకో పక్క నా చీటీలది. రెండూ నా చేతివే. అదే దారం, అదే ధర. జనానికి చూపించాలని నన్ను మధ్యలో స్టూలేసి కూర్చోబెట్టారు. ఒకావిడ నా చీటీ ఉన్న లేసు తీసుకుంది. ఎంత సన్నగా ఉందో అంది. చీటీ తిప్పింది, పాపం అంది, మడతపెట్టి అక్కడే పెట్టేసింది. ఆ చీటీ మీద మనిషి తన మోకాలి పక్కనే కూర్చుని అల్లుతోందని చూసుకోనేలేదు.

పాపం అన్నాక కొనాలి కదండీ? కొనరు. జాలి బరువుగా ఉంటది. డబ్బులిచ్చి ఆ బరువు ఇంటికెవరు మోసుకెళ్తారు?

పిల్ల చీటీ తిప్పినవాళ్లు మాత్రం ముందు నవ్వేవారు. దాని నవ్వు అలాంటిది మరి, ఎదుటివాళ్లకి అంటుకుంటది. తరవాత చదివేవారు. తరవాత పర్సు తీసేవారు.

వాళ్లని తప్పు పట్టటం లేదండి, నేనూ అంతేగా. చేపల పాపాయి తూకంలో నొక్కుద్దని ఊరంతటికీ తెలుసు. అయినా అక్కా అని నవ్వుతూ పిలుస్తది, దాని దగ్గరికే వెళ్తాను. పక్కన ముసలాయన సరిగ్గా తూస్తాడు. మూతి ముడుచుకుని కూర్చుంటాడని ఆ వైపు చూడను. చర్చిలో చందాకైనా అంతే. గోడ పడిపోతోందంటే చిల్లర వేస్తాను, పిల్లల చదువంటే నోటు వేస్తాను. ముసలిదానికి పెడితే ఆ పూట గడుస్తది, అంతే. పిల్లకి పెడితే రేపు ఏదో అవుద్దని ఆశ. జనం కొనుక్కునేది ఆ ఆశనేనండి.

ఇప్పుడు పాత చీటీ మళ్లీ వేసుకోమంటావా అమ్మా అంటున్నారు. సరుకు కదలకపోతే ఆర్డర్లు రావు, ఆడవాళ్లందరికీ పని పోతది అంటున్నారు. తెలుసండి. కృపారాణి నిన్న ఆ మాట అడుగుదామనే వచ్చింది. అడగలేక మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. మా ఆయనేమో, చచ్చిపోయిన పిల్లని బజార్లో నిలబెడతావా అన్నారు. ఇద్దరికీ నేనేం చెప్పను?

ఆ, ఏడుస్తున్నానండి. ఏడవనివ్వండి. మీరు టీ తాగండి, చల్లారిపోద్ది.

మీకొకటి చెప్పాలి. ఆ రోజు ఎగ్జిబిషన్‌లో మీరు భోజనానికి వెళ్లినప్పుడు టీచరమ్మలా ఉన్న ఒకావిడ వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. చీటీ పైకి చదివి, చూడవే, నీ ఈడుదే అంది. ఆ పిల్ల నా వైపు తిరిగి, ఈ అక్క మీకు తెలుసాండి అనడిగింది.

లేదమ్మా, చనిపోయింది అని చెప్పాలి. చెబితే లేసు అక్కడ పడేసి పోతారని చెప్పలేదనుకుంటున్నారా? కాదండి. ఆ నిమిషంలో లేసు సంగతే నాకు గుర్తు లేదు.

తెలుసమ్మా, మా అమ్మాయే అన్నాను. బాగా చదువుతుందా అందావిడ. బాగా చదువుద్దండి, ఇవాళ డ్యూటీ పడింది గానీ లేకపోతే వచ్చేది అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో నోట్లోంచి. లేసు చాలా బాగుందని అక్కకి చెప్పండి అంది ఆ పిల్ల. చెప్తానమ్మా అన్నాను. వాళ్లు సంచి పుచ్చుకుని గుమ్మం దాటేదాకా నా కూతురు రాజమండ్రిలో డ్యూటీలోనే ఉందండి. తెల్లబట్టల్లో, ఎవరికో సూదిమందు వేస్తూ. సమాధి దగ్గర ఎంతసేపు కూర్చున్నా అలా కనపడలేదు నాకు.

తప్పే. కాదనను. దేవుడికి నేను చెప్పుకుంటాను.

వేసుకోండి. పదిమందికి పని పోకూడదని దీనమ్మ ఒప్పుకుందని చెప్పండి ఊళ్లో, నమ్ముతారు. అసలు సంగతి మీకు చెప్పాను, మీ దగ్గరే ఉంచుకోండి. మా ఆయనకేం చెప్పాలో నేను చూసుకుంటాను.

కానీ ఆ రెండో సంవత్సరం అన్న మాట మాత్రం మార్పించండి. ఈపాటికి మూడోదాంట్లోకి రావాలి. అలాగే ఉంచితే తప్పిందనుకుంటారు జనం. మా తబిత ఎప్పుడూ ఏ పరీక్షా తప్పలేదండి.