సెల్లార్ల కూసునేటోని మొహం మీద ఎండ

కూసోను. నీ కుర్చీ నువ్వే ఉంచుకో లసుమక్కా. నీళ్లు గూడ వద్దు. ఒక్క మాట అడిగి పోదామని వచ్చిన. నీ ఇంట్ల చెంబెత్తితె గా మాట గొంతుల్నే ఆగిపోతది. నా సంగతి నాకు తెల్వదా?

మా ఆయన పొద్దుగాల పొద్దుగాల నీ ఇంటికి ఎందుకొస్తుండు?

అట్ల మొహం వెట్టకు. ఏ ఆయన అంటవేంది? నాకు ఎంతమందున్నరు ఆయనలు? రాజలింగం. మా భాగ్యోళ్ల నాయిన. ముప్పై ఏండ్లు గీ వనంల తాళ్లెక్కి కల్లు గీశి, ముందటేడు గా వంకర తాడిచెట్టు మీదికెల్లి పడ్డోడు. గిప్పుడు ఎర్కైందా?

ముత్తమ్మ సూశింది. బర్రెను తోలుకపోతుంటె మబ్బుల్నే నీ దర్వాజల అడుగువెడ్తుండట. ముత్తమ్మది పాడునోరే, కాదన్న. గని గా నోట్లెకెల్లి ఇప్పటిదాక చాడీలు వచ్చినయ్ గని అబద్ధం రాలే.

నువ్వు నాకు అక్క వరసైతవ్. అంటె ఆయనకు వదినె. వదినె వరసంటె పరాచికాలుంటయ్, నేను వద్దంటనా? మా భాగ్య పెండ్లిల నువ్వు ఆయన మీద చెంబెడు రంగునీళ్లు కుమ్మరిస్తె అందరికంటె ముందుగాల నవ్వింది నేనే. గని పరాచికాలు పదిమందిల ఆడుతరు. పొద్దు పొడవకముందు ఏం పరాచికం?

ఉండు, నన్ను చెప్పనియ్యి. మొదట్నుంచి చెప్త, నువ్వు కాదనెతందుకు సందు లేకుంట.

పడ్డనంక ఆర్నెల్లు మంచంల ఉన్నడా? నడుము కూడినంక నా తల మీద చెయ్యేశి ఒట్టు వెట్టిండు, ఇగ తాడెక్కనని. గప్పుడు నువ్వు గూడ ఉన్నవ్. నేను ఆళ్ల కాళ్లు ఈళ్ల కాళ్లు వట్టుకుని కోరుట్లల బట్టల షాపోళ్ల గోదాముల పని ఇప్పిచ్చిన. సెల్లారు. మెట్లు దిగి భూమిలకు పోవాలె. కిటికి లేదు, పొద్దంత ట్యూబులైటే. బట్టల మూటలకు కావలి. పదింటికి దిగుతడు, పొద్దుగూకినంక ఎక్కుతడు. నేనైతె దేవునికి మొక్కిన. నీడపట్టున కూసునే పని, పానానికి బుగులు లేదు, గిసొంటిది ఎవ్వలకు దొర్కుతది అనుకున్న.

నెల తిర్గకముందే మనిషి మారిపోయిండు. బుట్ట కింద మొలిచిన గడ్డి లెక్క తెల్లవడ్డడు. పగటీలి సెల్లార్ల కునికిపాట్లు, ఇంటికొస్తె కండ్లు తెర్సుకుని దూలాలు సూసుడు. మంచం మీద అటు పొర్లుడు ఇటు పొర్లుడు. సప్పుడు చేస్తె కసురుతడు. చెయ్యకపోతె, ఏందే, నేను సచ్చిన్ననుకుంటున్నవా అని కసురుతడు. చేపల పులుసు వండి ముంగట వెడ్తె కంచం పక్కకు జరిపిండక్కా. చేపల పులుసు.

ఒకనాడు ఒక మాటన్నడు. గిది సిరిసిల్లల ఉన్న బిడ్డకు గూడ చెప్పలే నేను. "పడ్డనాడే పోతె మంచిగుండు" అన్నడు. కోపంల అనలే. ఇయ్యాల కూరేంది అన్నట్టు అన్నడు. నేను పప్పు కడుగుతున్న. కడిగిందే మల్ల మల్ల కడిగిన.

గా దినం సంది ఆయన బాయి దిక్కు పోతె ఎన్కనే పోయెడిదాన్ని. బహిర్భూమికి పోయినా జర దూరంల నిలవడెడిదాన్ని. ఏందే దయ్యం లెక్క ఎంటవడ్తున్నవ్ అని తిట్టేది. తిట్టనియ్యి, మనిషైతె కండ్ల ముంగటున్నడు గదా అనుకునేది.

జగిత్యాలకు తీస్కపోయిన. డాక్టరు రక్తం తీపిచ్చి కాయితం సూశి, ఎండ తగుల్తలేదమ్మా అన్నడు. పొద్దుగాల ఎండ కండ్లకు మొహానికి సోకితెనే గిది పగలు, గిది రాత్రి అని పెయ్యికి ఎర్కైతదట. గప్పుడే రాత్రి నిద్రొస్తదట. మనసు గూడ తేటవడ్తదట. బొక్కలకు గూడ ఎండే బలమట. గోలీలు రాశిండు, గోలీల కింద ఎండ అని రాశిండు.

నాకైతె డాక్టరు మీదనే షక్ వచ్చింది. ముప్పై ఏండ్లు ఎండల ఎండినోనికి ఎండ తక్కువైందట. అట్ల ఒడిసిపోతదా ఎండ? ఇన్నేండ్లు పెయ్యిల పడ్డదంత ఏడికి వోయినట్టు? గిది దవాఖాన ముచ్చట కాదు, ఎవ్వలో ఏదో చేశిన్రని గూడ అనుకున్న. నిమ్మకాయలు దిగదీశి మూడుబాటలకాడ పారేశిన. అబద్ధమెందుకు?

అయినా సరే, డాక్టరు మాట గూడ సూద్దామని బంగ్లా మీద కుర్చేశిన. రెండు మూడొద్దులు కూసున్నడు. ఇంటెన్కోళ్లు, వజ్రమ్మ మిరపకాయలు ఆరవోశినట్టు మొగన్ని ఆరవోశిందని నవ్విన్రు. దిగొచ్చి మల్ల ఎక్కలే. భాగ్య ఫోన్ల మొత్తుకునేది, నాయినను ఎండల తిప్పు అమ్మా అని. దాని మొగడు గూడ అట్లనే. రాత్రంత సాంచెల మీద బట్ట నేశి, పగలు కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పంటడు, లేస్తె బిడ్డ మీద చిర్రుబుర్రు. దాని బాధ దానికే ఉంది, నేనేమని చెప్తు?

ఇగ గిప్పుడు విను. అసలు ముచ్చట గిది.

గోలీలు మానేశిండు. డబ్బ నేనే తెరిశి సూశిన, సగం అట్లనే ఉన్నయ్. బంగ్లా మీద కుర్చీల కాకులు రెట్టలేస్తున్నయ్. మరి మనిషెట్ల బాగైండు?

గదే నేను అడుగుతున్న. మందు లేదు, మాకు లేదు, మనిషి బాగైండు. కంచం కడిగొచ్చేలోపట గుర్కవెడ్తుండు. లేవంగనే కూనిరాగాలు. మొన్న నా చేతిల బిందె తీస్కుని తనే మోశిండు. ఇంకో రొట్టె ఎయ్యే అని అడుగుతుండు. మీసం నల్లగ రంగేశిండు. ఆగం చేస్తుండు ఇల్లంత నవ్వులతోని.

ఊకె సంబురపడాలెనా? మొగోడు గీ వయసుల ఊకెనే నవ్వుతడా అక్కా? ఎక్కడనో ఏదో ఉంటెనే నవ్వుతడు.

పదింటి పనికి మబ్బుల్నే లేశి పోతుండు. ఏడికంటె నడుస్తున్న అంటడు, డాక్టరు నడవమన్నడు అంటడు. డాక్టరు నడవమన్లే, నేను పక్కన్నే కూసున్న. కాలు మీద ఒరుసుకపోయి పుండైంది, ఏందంటె చెప్పు కర్సిందన్నడు. ఇంకొకటి. సెల్లార్ల కూసునేటోని మొహం మీద ఎండెట్ల వచ్చింది? తెల్లవడ్డ మనిషి మల్ల నల్లవడ్డడు. ముక్కు మీద తోలు లేశింది. ట్యూబులైటుకు తోలు లేస్తదా?

గందుకే గీ యాళ సూసుకుని వచ్చిన. ఇప్పుడు ఆయన కోరుట్లల ఉంటడు, నీ కొడుకు ఓదెలు కల్లు వోసెతందుకు పోయిండు. ఇంట్ల నువ్వొక్కదానివే. చెప్పు, నీ ఇంటికొస్తున్నడా లేదా?

వస్తుండా.

మంచిది. ఒప్పుకున్నవ్. ఎందుకొస్తుండు మరి?

ఏందట్ల దర్వాజకు అడ్డం నిలవడ్తున్నవ్? ఇంతసేపు లోపటికి రా, లోపటికి రా అన్నదానివి. జరుగు. ఎవ్వలున్నరు లోపట? జరుగంటున్నగదా.

ఎవ్వలు లేరు. ఒట్టి గోడలు.

గా కొయ్యకేంది?

కాదు, దాని పక్కది. గా ఆకుపచ్చ బట్టది. దించు. నువ్వు దించకపోతె నేనే దించుత.

గిది నా సీర. మా భాగ్య పుట్టినప్పుడు మా అవ్వ వెట్టిన సీర. చినిగినంక ముక్క చేశి, తాడిచెట్టెక్కెటప్పుడు ఆయన నడుముకు ఒరుసుకోకుంట గీ మోకు తాడుకు నేనే కుట్టిన. గీ కుట్టు నాదే. ఎవ్వల చేతి కుట్టు వాళ్లకు ఎర్కుంటది.

గిది గంగల ఉండాలె గదా?

ధర్మపురి గోదారికి పోయినమక్కా, ఆయన లేశి తిరుగుతున్నంక. మోకు ఇంట్లుంటె మనసు గుంజుతది, గంగల కలుపు అన్న. నడుమంత నీళ్లల్ల నిలవడి సంచి ఇసిరిండు. మునిగింది నా కండ్లతోని సూశిన. నేను ఒడ్డు మీద నిలవడి దండం గూడ వెట్టిన. గా సంచిల ఏముండె మరి?

చెప్పు. నీకెర్కే, నీ మొహమే చెప్తుంది.

బాయి చేంతాడా? గందుకేనా అది ఎంత లెంకినా దొర్కలే. ముత్తమ్మ తీసిందని గా మనిషితోని ఏడాది మాట్లాడలే నేను. అంటె నేను గంగ ఒడ్డుకు పోయి చేంతాడుకు దండం వెట్టొచ్చిన్ననా?

నవ్వకు. నాకు నవ్వస్తలేదు.

ఎక్కుతుండన్నట్టు. పుండైంది చెప్పు కర్సి కాదు, కాళ్లకేసుకునే బంధం ఒరుసుకుని. ముప్పై ఏండ్లు గా పుండుకు పసుపు వెట్టింది నేనే, నాకు ఎర్క కాలే. నీ మీద అనుమానం గట్లుండె నాకు. చెట్టు యాదికే రాలే.

లసుమక్కా, నీ ఇంటాయన ఎట్ల పోయిండు? గీ వనంల చెట్టు మీదికెల్లి పడే గదా. ఎత్తుకొచ్చి గీ అరుగు మీదనే పండవెట్టిన్రు గదా. నీ గాజులు తీసిననాడు నీ పక్కన కూసుంది ఎవ్వలు? నేను. మరి నువ్వు, నువ్వే, నా మొగని మోకు నీ ఇంట్ల కొయ్యకు తగిలిచ్చుకుంటివా? నీ చేతులెట్ల వచ్చినయ్?

ఏమన్నవ్? మల్ల చెప్పు.

ఏడ్సిండా? గీ అరుగు మీద కూసుని? మోకు దాశిపెట్టుమని?

నా ముంగట ఎన్నడు ఏడ్వలే. నడుము విరిగిననాడు గూడ ఏడ్వలే. నీ ముంగట ఏడ్సిండా. గిది నేననుకున్నదాని కంటె పెద్దదాయె గదా అక్కా. గదే అయితె బాగుండు. గదే అయితె నీ జుట్టు వట్టి నాలుగు గుంజుదును, ఊరంత తిడుదును, ఇంటికి వోయి పందును. తాడిచెట్టుతోని ఏం కొట్లాడుదు నేను?

కల్లు గియ్యడా? ఉత్తగ ఎక్కి కూసుంటడా? కూసుని?

పొద్దు పొడిశేదాక సూస్తడా. ఎండ మొహం మీద పడంగనే జరసేపు కండ్లు మూసుకుంటడా. ఇగ దిగొస్తడా. గంతేనా? గా ఎండేదో కింద లేదా? బంగ్లా మీద లేకుండెనా? నేనేసిన కుర్చీల లేకుండెనా?

నన్ను అడుగొచ్చు గదా. ఏమే, పానం ఉంటలేదు, ఒక్కసారి ఎక్కుత అని అనొచ్చు గదా.

అడిగితె వద్దంటుంటి. అవు, అంటుంటి. ఉరివెట్టుకుంట అంటుంటి. ఆయనకెర్కే.

గియ్యాల గీ మోకు ఎత్తుకపోత నేను. పొయ్యిల వెడ్త. ఏమైతది? ఇంట్ల దూలాలు సూసుకుంట పంటడు. మల్ల కంచం జరుపుతడు. మల్ల నేను బాయికాడికి ఎంటవడి పోవాలె. పొయ్యిల వెట్టకపోతె? ఏదో ఒకనాడు ఎవ్వలో ఉరుక్కుంట నా ఇంటికొస్తరు. నువ్వే చెప్పక్కా, ఏది చెయ్యాలె? నువ్వు రెండు సూశినవ్, చెట్టు మీదికెల్లి పడ్డోన్ని, చెట్టు లేక ఏడ్సినోన్ని.



ఇగో, సూశినవా, గీడ కుట్టూడింది. బట్ట జరిగి తాడు ఒట్టిగ కనవడ్తుంది. నడుము విరిగిన దగ్గర్నే ఒరుసుకుంటది గిది. ఇన్నొద్దుల సంది కొయ్యకు తగిలిచ్చుకున్నవ్, ఒక్కనాడన్న సూసుకోవద్దా?

సూదీ దారం ఉందా? దబ్బనం ఇయ్యి, సూది విరుగుతది.

గా కుర్చీ గూడ ఇటియ్యి.

మీ ఓదెలును కింద నిలవెట్టు. తన పని ఆగినా సరే, ఆయన దిగిందాక కదలద్దను. సర్కారోళ్లిచ్చిన బెల్టుంది గదా ఓదెలుకు, గీ మోకుతోని పాటు అది గూడ కట్టుకొమ్మను. పొట్టి తాడిచెట్టు ఏదన్న ఉంటె సూపెట్టు. వానొచ్చిననాడు మోకు దాశిపెట్టు, కోతి ఎత్తుకపోయిందని చెప్పు. అబద్ధం ఆడుడు నీకు కొత్త కాదు గదా.

నేనొచ్చిన్నని చెప్పకు. కుట్టింది నువ్వే అని చెప్పు. ఒకేల నా కుట్టు గుర్తువట్టిండనుకో, గప్పుడు గూడ నువ్వే అను. నాకెర్కైందని తెలిస్తె మల్ల నిద్ర వోడు మనిషి.

ఆయన్ని పండనియ్యి. రేపటి సంది మబ్బుల్నే లేశి, ఆయన తలుపు దగ్గరేసుకుని పోతుంటె నిద్రవోయినట్టు కండ్లు మూసుకుని పండుకోవాలె నేను. మల్ల గడప సప్పుడైందాక.

దారం తెంపుడానికి కత్తి అక్కరలేదు, పండ్లున్నయ్. చెంబుతోని నీళ్లియ్యి, గొంతెండింది.