బంతి దాచే ఆట

వంటగది కిటికీలోంచి పెరట్లో మళ్ళీ కొత్త గుంట కనబడేసరికి ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో గరిటెతోనే భర్తను కేకేసింది.

“చూశారా? మీ ముద్దుల కుక్క మళ్ళీ తవ్విపోసింది! మేస్త్రీని పిలిచి పెరడంతా సిమెంటు చేయించెయ్యండి.”

“కారం చల్లాం, రాళ్ళు పరిచాం. ఏం లాభం? బంతి దొరుకుతున్నంతకాలం అది తవ్వుతూనే ఉంటుంది.”

“అయితే ఆ బంతి పాతిపెట్టడం మానెయ్యండి.”

“నేనా?”

“నాకు తెలియదనుకున్నారా? పాప పోయినా మీరు ఆ ఆట వదల్లేదు. పాపలాగే కుక్కను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, అది చూడకుండా బంతి దాస్తున్నారు. పోనీలే, మీ బాధ మీదని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.”

“నేనెక్కడ దాచాను? నువ్వే దాస్తున్నావనుకుని, అడిగితే ఎక్కడ ఏడుస్తావో అని నేను నోరు మెదపలేదు!”

“పాప మీద ఒట్టేసి చెప్పండి.”

“పాప మీద ఒట్టు.”

ఆవిడ కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగింది.

“మరి... బంతి ఇప్పుడెక్కడుంది?”

“ఇందాకే దాని నోట్లోంచి తీసి, కడిగి, ఇదిగో ఈ గట్టు మీదే పెట్టాను.”

గట్టు మీద గుండ్రంగా తడి మాత్రం ఉంది.

కిటికీ అవతల, ఎవరూ లేని పెరట్లో, కుక్క గోడవైపు తిరిగి బుద్ధిగా కూర్చుని తోక ఊపుతోంది.