నిదానంగా పోయే డిస్కు

డిస్కులను గొలుసుల బుట్టలో వేసే ఆ పోటీలో, తక్కువ విసుర్లతో ముగించినవాళ్లదే గెలుపు. తనతో పోటీపడుతున్న ఆవిడ మీద ఒక్క విసురు ఆధిక్యంతో చివరి బుట్ట వంతుకు వచ్చిన అమ్మాయి, ఎదురుగా ఉన్న నీళ్లగుంటను చూసి, సంచి మోస్తున్న బాబాయి వైపు చెయ్యి చాపింది.

“డ్రైవర్ డిస్కు ఇవ్వు బాబాయ్.”

“అది దూరం పోతుంది గానీ, ఎటు తిరుగుతుందో దానికే తెలీదు. నిదానంగా పోయేది తీసుకో.”

“దాంతో నీళ్లు దాటలేను.”

“దాటొద్దు. చుట్టూ తిరిగి రెండు విసుర్లలో పో.”

“ఆవిడ ఒక్క విసురుతో దాటేసింది. నేను భయపడ్డానంటారు.”

“అననీ. నీ భుజం ఎలా ఉంది?”

పొద్దున్నుంచీ నొప్పి దాచుకున్నాననే అనుకుంది అమ్మాయి.

“ఎప్పుడు కనిపెట్టావు?”

“మూడో బుట్ట దగ్గర. అప్పట్నుంచి నా ప్రాణం నా దగ్గర లేదు.”

“మరి ఆపలేదేం?”

“ఆపితే ఆగేదానివా?”

ఆమె నిదానం డిస్కే తీసుకుని, రెండు విసుర్లలో బుట్ట దగ్గరికి చేరింది. ఈలోగా ఆవిడ ఒకసారి గురి తప్పి, మూడు విసుర్లతో ముగించింది. ఇక ఇదొక్కటీ పడితే చాలు.

విసిరింది. గొలుసులు గలగలమన్నాయి.

“పడిందా?” బాబాయి కళ్లు మూసుకునే అడిగాడు.

“పడింది బాబాయ్. చెయ్యి మాత్రం పైకి లేవడం లేదు.”