పై స్పీడు మీద కట్టేసిన డబ్బా

2011 ఆగస్టు. నారాయణఖేడ్‌లో వీరేశ్ నడిపే నెట్ సెంటర్. మనవరాలు సాజిదాను వెంటబెట్టుకుని కంగ్టి నుంచి వచ్చాడు ఫకీర్ మియా. ఇంజనీరింగు సీటు కోసం ఆ పిల్ల కోరుకున్న కాలేజీల పేర్లు ఎక్కించడానికి సాయంత్రం ఐదే ఆఖరి గడువు.

“నలభై బండ్లు తోలిన వీరేశూ, కంగ్టి నుంచి ఖేడ్ దాంక, నిండు వానల. ఒక్క కందిగింజ రాలలే.”

“అయితే ఏంది తాతా? గిది నెట్టు, కందులు గాదు.”

“పొద్దుగాల నుంచి పేజీ సగమొస్తది, పోతది. నాలుగైంది.”

“మబ్బు పట్టింది. మబ్బును నేను ఊదాల్నా?”

“గాలిలకెల్లి నెట్టు పట్టే గా గోడ మీది డబ్బాను పై స్పీడు మీద కట్టేసినవట గదా.”

“మాడ్యులేషన్ అంటరు దాన్ని. నీకు నోరు తిరగదు తియ్యి. బయట బోర్డు చూడలే? ‘ఖేడ్‌ల అందరికంటె ఫాస్టు’. కిందికి దించితె నా ఇజ్జత్ ఏంగావాలె?”

“బోర్డుకు ఇజ్జత్ ఉన్నది, పేజీకే లేదు. గాలిల ఒక్క తోవ గాదు, వందల సన్న తోవలుంటయ్. మంచి తోవల పోయే బండికి ఆరు బస్తాలెయ్యి, బురద తోవల రెండే ఎయ్యి. నువ్వు అన్నిటికీ ఆరేస్తున్నవ్. దిగబడ్తున్నయ్. కట్టిప్పు, ఏ తోవకు ఎంత బరువో డబ్బానే చూసుకుంటది.”

“నలభై బండ్లు తోలి నేర్చినవా గిది?”

“నలభై ఎక్కడియి? రెండు. ఒకటి మా పక్కింటి బాలప్పది. కందులు గూడ రాలినయ్, నన్ను తిట్టుకుంట ఏరిండు.”

“గదీ నీ సంగతి. హైదరాబాద్‌ల రెండేండ్ల కోర్సు చేసినోన్ని నేను. అయినా గీ పిల్లకు ఎలక్ట్రానిక్స్ ఎందుకు? తీగె ఏడ గుచ్చాల్నో తెలుస్తదా? కుట్టుమిషన్ కొనియ్యి.”

“నాలుగున్నర.”

“ఇప్పుతున్న. పేజీ రాకుంటె మళ్ల నా గడప తొక్కొద్దు.”

“తొక్కను తియ్యి.”

“…ఆగు. వస్తున్నది. మెల్లగ… మెల్లగనే గానీ, మొత్తం వచ్చింది.”

“సాజిదా, కూసో బేటీ. జల్దీ కొట్టు.”

“కొట్టిన దాదా. మొదటిది ఎలక్ట్రానిక్సే. సేవ్ అయింది.”

“నిజం చెప్పు తాతా. ఎవలు చెప్పిండ్రు నీకు? టవర్ ఇంజనీరు దోస్తా?”

“బండ్లు తోలింది నేనే, బురద నాదే. తోవల లెక్క నాదన్నట్టు చెప్పిన జూడు, గది గూడ కల్పించిన. నిన్న ఈడికొచ్చినప్పుడు నువ్వు మూలకు పారేసిన డబ్బా పుస్తకం ఇంటికి తెచ్చి చదివి, పొద్దుగాల బస్సుల నాతోటి బట్టీ పట్టించింది గీ కుట్టుమిషన్ పిల్ల.”